లేచినవారి పుస్తకం

పాత చర్చి పడగొట్టేశారు. పెంకులు, దూలాలు ఒక పక్కకి పేర్చి, అదే చోట కొత్తది కట్టడానికి వచ్చే ఆదివారం శంకుస్థాపన పెట్టుకున్నారు. పడగొట్టేముందు వెనకగది ఖాళీ చేస్తుంటే విరిగిన బల్లల కింద ఒక రేకుపెట్టె, అందులో మా నాన్న చేతిరాతతో ఒక పుస్తకం దొరికాయట. మంగళవారం సాయంత్రం పాస్టరు గారు దాన్ని మోటారుసైకిలు మీద తెచ్చి నా చేతిలో పెట్టారు. నా దగ్గర మూడో తరగతి చదువుకున్నవాళ్ళ ఈడు ఆయనది. అయినా గారు అనకపోతే సంఘానికి చిన్నతనం. “ఈ కాలం ఆడగుంటలకి మీలాంటోళ్ళ సాక్ష్యం కావాలి టీచరమ్మా. ఆదివారం మీ పేరున్న పేజీ నేనే సదువుతాను. అందాకా మీ దగ్గరుంచండి” అన్నారు. కాఫీ ఇస్తానంటే ఇంకో మూడిళ్ళు తిరగాలని వెళ్ళిపోయారు. నేను ఆ పుస్తకాన్ని వంటింటి అరుగు మీద పెట్టి, దాని మీద ఉప్పు డబ్బా పెట్టాను. నాలుగు రోజులు ఆ డబ్బా తియ్యలేదు. అందులో నా పేరు ఉందని నాకు తెలుసు. నా పేరు రాస్తున్నప్పుడు నేను నిలబడి చూశాను.

ఆ పుస్తకానికి నాన్న పెట్టిన పేరు ‘లేచినవారి పుస్తకం’. పొడుగ్గా, గుడ్డ అట్టతో ఉంటుంది. దారంతో కట్టిన పెన్సిలు ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది. మా చర్చిలో ఏడాదికి ఒకసారి మూడు రోజులు ఉజ్జీవ కూటాలు జరిగేవి. చర్చి వెనక తాటాకు పందిరి వేసి, పై ఊరి నుంచి ఎవరో ఒక ప్రసంగీకుణ్ణి పిలిచేవారు. చివరి రోజు ఆయన అందరినీ కళ్ళు మూసుకోమని, ఫలానా తీర్మానం చేసుకున్నవాళ్ళు లేచి నిలబడమని అడిగేవాడు. సంఘమంతా కళ్ళు మూసుకుంటే ఒక్క నాన్న మాత్రం తెరిచి ఉంచాలి. అది సంఘ పెద్దగా ఆయన ఉద్యోగం. ఎవరు లేచారో చూసి రాసుకుని, తర్వాత ఏడాది పొడుగునా వాళ్ళిళ్ళకి వెళ్ళి మాట నిలబెట్టుకుంటున్నారో లేదో కనుక్కోవాలి. అందుకే పుస్తకంలో నాలుగు గడులు. పేరు, తండ్రి పేరు, దేనికి లేచెను, తరువాతి సంగతి. ఆ నాలుగో గడిలో నాన్న హాస్యం తెలియకుండానే బయటపడేది. ‘బాప్తిస్మము పొందెను’ అని ఒకరికి, ‘రాయగడ వెళ్ళిపోయెను’ అని ఒకరికి. ‘మూడుమార్లు లేచెను, సారా ఇంకను మానలేదు’ అని చర్చి పక్కింటి తాతకి. నాన్న రాతలోనూ ప్రార్థనలోనూ పుస్తకాల తెలుగు, వీధిలోనూ వంటింట్లోనూ మా చోడవరం తెలుగు. రెండూ ఒకే నోట్లో ఎప్పుడూ కొట్టుకునేవి కావు.

నాన్న బళ్ళో మేష్టారు. పొద్దున్నే లేచి, పళ్ళు తోముకుని, తడి తుండు భుజం మీద వేసుకునే ప్రార్థనకి కూర్చునేవాడు. ఆ ప్రార్థన బుచ్చయ్యపేటలో జ్వరంతో ఉన్న ముసలమ్మ దగ్గర మొదలై, దేశాన్నేలేవాళ్ళ దాకా వెళ్ళి, మళ్ళీ మా వీధికి వచ్చేది. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగేవి. అమ్మ రెండుసార్లు చిన్నగా దగ్గేది. అప్పటికీ ఆపకపోతే గట్టిగా ‘ఆమెన్’ అనేది. నాన్న ఉలిక్కిపడి ముగించేవాడు. చెరుకు ఆడే రోజుల్లో గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి పులిసిన తీపి వాసన ఊరంతా కమ్ముకునేది. తెల్లారగట్ల చెరుకు బళ్ళ వరుస కదిలే చప్పుడు వినిపించేది. మా చెల్లెలు సువార్త, నేను కిటికీ దగ్గర కూర్చుని బళ్ళు లెక్కపెడుతూ, నాన్న చెప్పిన వాక్యం అప్పజెప్పేవాళ్ళం. మా వీధిలో అందరూ చెరుకు, వరి పండించేవాళ్ళే. మా ఇల్లొక్కటే క్రైస్తవుల ఇల్లు. అయినా వాళ్ళింట్లో ఏ మంచి పని ఉన్నా మేష్టారి చేత ఉత్తరం రాయించుకోకుండా జరిగేది కాదు.

గురువారం సాయంత్రం చర్చిలో తల్లిదండ్రుల కూడిక ఉండేది. ఆ రోజుల్లో అలాంటివి అరుదు. పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్ల విషయంలో తల్లీ తండ్రీ ఎంతవరకు చెయ్యాలి, ఎక్కడ ఆగాలి అన్నది నాన్నకి ఇష్టమైన పాఠం. ఆడపిల్ల మీ సొమ్ము కాదు, మీ చేతికి దేవుడు అప్పజెప్పిన ప్రాణం అనేవాడు. తొందరపడి ఎవరికో అంటగట్టకండి, మీకు తోడుంటుందని కట్టిపడెయ్యకండి, ముందు పిల్లని అడగండి అనేవాడు. దానికి రిబ్కా కథ చెప్పేవాడు. ఎక్కడో దూరదేశం నుంచి అబ్రాహాము దాసుడు ఇస్సాకుకి పిల్లని వెతుక్కుంటూ వస్తే, ఇంట్లో పెద్దలు సరే అనేసుకుని కూడా, వెళ్ళే ముందు రిబ్కానే పిలిచి అడిగారు. నాన్నకి ఆ ఒక్క ముక్క చాలు. నల్ల గుడ్డ కప్పిన పలక మీద బొచ్చుగుడ్డతో కత్తిరించిన ఒంటెలు, బావి, రిబ్కా బొమ్మ అతికించడం నా పని. బొమ్మ అతికించగానే నాన్న నా వైపు తిరిగి, “ఏమ్మా, వెళ్తావా?” అని అడిగేవాడు. నేను రిబ్కా తరఫున “వెళ్తాను” అనాలి. గట్టిగా, వెనక బల్ల వాళ్ళకి కూడా వినపడేలా. పదేళ్ళప్పటి నుంచీ ఎన్ని గురువారాలు అన్నానో చెప్పలేను. రిబ్కా ముక్కు దగ్గర గుడ్డ చిరిగిపోతే అమ్మ సూదితో కుట్టింది కూడా.

పాఠం చెప్పి ఊరుకునే మనిషి కాదు నాన్న. సంఘంలో ఏ పెళ్ళి కుదిరినా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఆ చదివే పని నాన్నది. చదవడానికి ముందు పెళ్ళికూతుర్ని చర్చి అరుగు మీదకి పిలిచి, తల్లినీ తండ్రినీ దూరంగా నిలబెట్టి, “నీకిష్టమేనా అమ్మా?” అని అడిగేవాడు. పిల్ల తల వంచుకుంటే కుదరదు, నోటితో చెప్పాలి. ఒకసారి ఒక పిల్ల ఏడ్చిందని ప్రకటన చదవడం మానేశాడు. ఆ పిల్ల తండ్రి మా ఇంటికొచ్చి అరిచి వెళ్ళాడు. నాన్న మజ్జిగ తాగుతూ విన్నాడు. తర్వాత నా చెల్లెల్ని కూడా అలాగే అరుగు మీద నిలబెట్టి అడిగాడు. సువార్త సిగ్గుపడి “ఊఁ” అంటే, “ఊఁ అంటే నాకు వినబళ్ళేదు” అన్నాడు. అలా ఆ సంఘంలో ఒక తరం ఆడపిల్లలందరినీ నాన్న అడిగాడు. నన్ను ఒక్కదాన్నే అడగలేదు.

నాకు పదిహేడో ఏడు నడుస్తున్నప్పటి కూటాల చివరి రోజు అది. మధ్యాహ్నం కూటం అయ్యాక అందరికీ ప్రేమ విందు. పందిరి పక్కనే రాళ్ళ పొయ్యిలు. కట్టెలు ఖరీదని చెరుకు పిప్పి ఎండబెట్టి వాడేవాళ్ళు. పిప్పి మంట నమ్మదగింది కాదు. ఉన్నట్టుండి ఎగుస్తుంది, చూసేలోపు అడుగంటిస్తుంది. అన్నం వార్చేశారు. పప్పు గుండిగ మీద నన్ను కాపలా పెట్టి, ఆఖరి ప్రార్థనకి లోపలికి రా, కానీ వాసన మారితే లేచి వచ్చి పిప్పి లాగెయ్యి అని అమ్మ చెప్పింది. నేను ఆడవాళ్ళ వైపు చివర చాప మీద కూర్చున్నాను. ప్రసంగీకుడు ముందు మగపిల్లల్ని అడిగాడు, ఎవరో లేచారు. తర్వాత ఆడపిల్లల వైపు తిరిగి, పెళ్ళి, సంసారం అనే తలంపు పక్కన పెట్టి బతుకంతా దేవుని పనికి ఇచ్చే చెల్లి ఎవరైనా ఉంటే లేవమన్నాడు. ఈ మాటలు నాకు తర్వాత ఇంకొకరు చెబితే తెలిశాయి. ఆ నిమిషంలో నా ధ్యాసంతా ముక్కు మీద ఉంది. కళ్ళు మూసుకునే ఉన్నాను. పప్పు వాసన మారింది. లేచాను.

లేచి ఒక అడుగు పొయ్యి వైపు వేశానో లేదో, “స్తోత్రం! ఒక చెల్లి లేచింది” అని మైకులో వినపడింది. పందిరంతా హల్లెలూయ అంది. కళ్ళు తెరిచాను. ప్రసంగీకుడివి కాక ఆ పందిరి మొత్తంలో తెరిచి ఉన్నవి మరో రెండు కళ్ళే, నాన్నవి. ప్రసంగ బల్ల పక్కన పుస్తకం పట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఆ ముఖం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తుండుతో కళ్ళు తుడుచుకుని, పెన్సిలు మొన నాలిక మీద తడుపుకుని రాశాడు. నిలబడ్డ చెల్లి ప్రార్థన అయ్యేదాకా అలాగే నిలబడాలని ప్రసంగీకుడు అన్నాడు. ఆయన ప్రార్థన మా నాన్న ప్రార్థనకి పెద్దన్న. నేను ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ పెట్టి నిలబడే ఉన్నాను. పప్పు నల్లగా అడుగంటింది.

ప్రార్థన అవగానే పొయ్యి దగ్గరికి పరిగెత్తాను. అమ్మ అప్పటికే అక్కడుంది. గుండిగ దింపి, పైపైన ఉన్న పప్పు వేరే గిన్నెలోకి వంపుతోంది. ఎందుకు లేచానో లోకంలో తెలిసిన మనిషి ఆవిడొక్కతే. నన్ను లేవమన్నది ఆవిడే. “మీ నాన్న మొకం సూసేవా? నేను కాపరానికొచ్చినకాణ్నించి ఆ మొకం సూళ్ళేదు. ఇయ్యాలకి ఊరుకో. రేపు నేను మెల్లగా సెప్తానులే” అంది. ఆ పూట మాడిన పప్పు సంఘమంతా తింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. మేష్టారి పిల్ల దేవుడి కోసం లేచిందన్న సంతోషంలో మాడు వాసన ఎవరికీ పట్టలేదు. నాన్న రెండోసారి వేయించుకుని తిన్నాడు. అమ్మ చెబుతానన్న ఆ రేపు రాలేదు. మర్నాడు నాన్న పెరట్లో పాట పాడుకుంటూ గెడ్డం గీసుకున్నాడు. ఆ పాట విన్నాక అమ్మ నోరు లేవలేదు. నాకూ లేవలేదు. పైగా, నిజం చెప్పాలి కదా, ఆ కొద్దిరోజులు అందరూ నన్ను గౌరవంగా చూస్తుంటే నాకు బాగానే ఉండేది.

అప్పటి నుంచి నాన్న గురువారం పాఠంలో బైబిల్లోని ఇంకో వాక్యం వచ్చి చేరింది. కూతురికి పెళ్ళి చేసిన తండ్రి చేసింది మంచిదే, చెయ్యకుండా ఉంచిన తండ్రి చేసింది అంతకన్నా మంచిది అనే అర్థం వచ్చే వాక్యం. అది చెప్పేటప్పుడు నా వైపు చూసేవాడు కాదు, కానీ గొంతు మారేది. రిబ్కా కథ మానలేదు. బొమ్మలు అతికించే పని మాత్రం సువార్తకి ఇచ్చాడు. ఇక నేను “వెళ్తాను” అనాల్సిన పని లేకపోయింది. వీధిలో వాళ్ళు, “ఏటి మేష్టారూ, పెద్దగుంటకి సంబంధాలు సూడవా?” అని అడిగితే, అది ఎప్పుడో కుదిరిపోయిందమ్మా అని నవ్వేవాడు. నన్ను ట్రైనింగుకి పంపాడు, ఉద్యోగం వచ్చాక బస్సు దాకా గొడుగు పట్టుకుని వచ్చేవాడు. ఏ కూతురికీ అంతకన్నా ప్రేమ దొరకదు. ఆ ప్రేమ ముందు నోరు తెరవడం ఎంత కష్టమో చెబితే ఇప్పటి పిల్లలకి అర్థం కాదు.

గోవాడలో చెరుకు కాటా దగ్గర గుమస్తాగా చేసే ప్రకాశరావు ఆదివారాలు సైకిలు మీద మా చర్చికి వచ్చేవాడు. పాటల గుంపులో నిలబడేవాడు. గొంతు మంచిదే కానీ ఎప్పుడూ అరతాళం వెనక. హార్మోనియం నేను వాయించేదాన్ని. ఆయన అందుకునేదాకా నేను కొంచెం ఆపి వాయించేదాన్ని. దాంతో సంఘమంతా పాట సాగదీసేది. ఈ మధ్య పాటలు బరువుగా నడుస్తున్నాయేమిటని నాన్న విసుక్కునేవాడు. మా ఇద్దరి మధ్యా జరిగింది అంతే. ఒక్కసారి మాత్రం కూడిక అయ్యాక హార్మోనియం పెట్టె మూస్తుంటే దగ్గరికి వచ్చి, “మీరు నాకోసం ఆగుతున్నారని తెలుస్తంది” అన్నాడు. నేను పెట్టె తాళం వేశాను. అది రెండోసారికి గానీ పడలేదు.

ఆ ఏడాది చెరుకు ఆడటం అయిపోయాక ఆయన తల్లీ తండ్రీ మాడుగుల హల్వా పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నేనూ అమ్మా వంటింటి తెర వెనక ఉన్నాం. ట్రే అమ్మ చేతిలో ఉంది. “మావోడికి మీ పెద్దమ్మాయిని అడుగుదామని వచ్చేం మేష్టారూ” అని ఆ పెద్దాయన అన్నాడు. నాన్న గొంతులో కోపం లేదు, సంతోషమే. “ఆ పిల్ల నా సేతిలో లేదు బాబూ. దేవుడికిచ్చేసేను” అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. నేను నోరు విప్పితే తను అందుకుందామని అమ్మ, అమ్మ మొదలుపెడితే నేను తలూపుదామని నేను. ట్రేలో కాఫీల మీద మీగడ కట్టింది. వాళ్ళు లేచి వందనాలు చెప్పి వెళ్ళిపోయిన చప్పుడు విన్నాకే అమ్మ ట్రే కింద పెట్టింది. హల్వా వాళ్ళు తిరిగి తీసుకోలేదు. నాన్న దాన్ని ఆదివారపు బడి పిల్లలకి పంచమన్నాడు. నేనూ ఒక ముక్క తిన్నాను. బాగానే ఉంది. రెండేళ్ళకి ప్రకాశరావుకి నర్సీపట్నం అమ్మాయితో మా చర్చిలోనే పెళ్ళయింది. హార్మోనియం నేనే. పెళ్ళికొడుకు పాడడు కదా, ఆ రోజు పాటలన్నీ తాళానికి సరిగ్గా నడిచాయి.

ఒంటరితనం అంటే ఏదో పెద్ద దుఃఖం అనుకుంటారు. నా మటుకు అది ఆదివారం మధ్యాహ్నం. చర్చి అయ్యాక అందరూ గుంపులు గుంపులుగా వెళ్ళిపోయాక, చెప్పులు వెతుక్కునే పని లేకుండా ఒక్క జతే మిగిలి ఉంటుంది చూడండి, అది. పెళ్ళిళ్ళలో ముత్తయిదువుల వైపు కూర్చోవాలా, పిల్లల వైపా, ముసలమ్మల వైపా అని తెలియనప్పుడు హార్మోనియం ముందు కూర్చునేదాన్ని. ఆ పెట్టె లేకపోతే ఈ ఊళ్ళో నాకు కూర్చునే చోటు లేదు. బడిలో పిల్లలు వందలమంది నా చేతి కింద చదివారు. ఇంటికొస్తే గ్లాసెడు బియ్యం కూడా ఎక్కువే. దేవుడు లేడనను. ఉన్నాడు, విన్నాడు, ఎన్నో రోజులు ఆయనతోనే మాట్లాడాను. కానీ జ్వరం వచ్చినప్పుడు మంచినీళ్ళ గ్లాసు ఆయన అందించడు. అది ఆయన మనుషులకి అప్పజెప్పిన పని.

అమ్మ ముందు పోయింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, “సెప్పలేపోయేనే” అని ఒక్క మాట అంది. ఏం చెప్పలేదో నేను అడగలేదు, అక్కర్లేదు కూడా. తర్వాత నాన్నకి కుడి వైపు పడిపోయింది. ఎడం చేత్తో రాయడం చంటిపిల్లాడిలా నేర్చుకున్నాడు. ఏడేళ్ళు నేనే చూసుకున్నాను. ఒక మధ్యాహ్నం, కిటికీలోంచి చెరుకు వాసన వస్తోంది, నాన్న నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. మాట ముద్దగా వచ్చేది. “కరుణా, ఆ రోజు కూటాల్లో నువ్వు లెగిసేవు కదా. నిన్నొకటి అడగాలి” అన్నాడు. “మాత్ర వేసుకోలేదు నువ్వు. తర్వాత అడుగుదువులే నాన్నా” అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, నోరు తెరిచి మాత్ర వేయించుకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇన్నేళ్ళూ ఆయన అడగలేదని మనసులో తిట్టుకున్నదాన్ని, అడగబోతే నోట్లో మాత్ర పెట్టి ఆపింది నేనే. ఆయన పోయాక సంఘం వస్తువులన్నీ రేకుపెట్టెలో సర్ది, ఏదీ తెరిచి చూడకుండా చర్చికి పంపించాను.

ఈ నాలుగు రోజుల్లో సువార్త గాజువాక నుంచి రెండుసార్లు ఫోను చేసింది. దాని కూతురు గ్రేసీకి ఇరవై తొమ్మిది. పరవాడ వైపు మందుల కంపెనీ ల్యాబులో పని. క్రైస్తవ సంబంధాల యాప్‌లో పెట్టారు, రోజూ ఎవరివో ఫొటోలు వస్తాయి, ఆ పిల్ల ఏదీ తేల్చదు. “నువ్వు సెప్తే ఇంటాది అప్పా. ఇలాగే ఉంటే మీ పెద్దమ్మలా అయిపోతావని మా ఆయన దాన్ని బెదిరించేరు కూడాను” అంది. అన్నాక తనే నాలిక్కరుచుకుంది. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. చర్చిలో నేను సాక్ష్యాన్ని, చెల్లెలింట్లో బెదిరింపుని. రెండు చోట్లా నేనేమనుకుంటున్నానో అడిగినవాళ్ళు లేరు. పిల్లని శనివారం పంపించమన్నాను.

ఇవాళ గ్రేసీ వచ్చింది. నెత్తళ్ళ చేపల కూర వండాను, ఇద్దరం కింద కూర్చుని తిన్నాం. చేతులు కడుక్కున్నాక వీధి అరుగు మీదకి రమ్మని, మా నాన్న ఆడపిల్లల్ని నిలబెట్టి అడిగినట్టే, “నీకు పెళ్ళి ఇష్టమేనా అమ్మా? అవునన్నా, వొద్దన్నా నీ నోటితోనే సెప్పు” అని అడిగాను. ఆ పిల్ల ఫోను పక్కన పెట్టింది. “తెలీదు పెద్దమ్మా” అంది. ఆ మాటకి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెలీదు అనేది కూడా ఒక జవాబేనని నా కాలంలో మాకెవరికీ తట్టలేదు. దాని ముందే సువార్తకి ఫోను చేసి, అడిగాను, తెలీదంది, తెలిసేదాకా ఆగండి అని చెప్పాను. సువార్త ఏదో గొణిగింది. పెట్టేశాను.

నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళిన గ్రేసీ ఉప్పు డబ్బా కింద నుంచి పుస్తకం పట్టుకుని వచ్చింది. వద్దనేలోపు పేజీలు తిప్పుతూ నా పేరు దగ్గర ఆగింది. “పెద్దమ్మా, ఇదేటి? తాతయ్య నీ పేరు దగ్గర ఒకే ముక్క ఇన్నిసార్లు రాసేడు” అంది. పుస్తకం తీసుకుని చూశాను. పేరు, కరుణమ్మ. తండ్రి పేరు దగ్గర ఆయన తన పేరే రాసుకున్నాడు. దేనికి లేచెను, ‘వివాహము లేక దేవుని సేవకు’. ఇంతవరకు నేను చూస్తుండగా రాసిందే. నాలుగో గడిలో, తరువాతి సంగతి అని ఉన్నచోట, ‘అడగవలెను’ అని ఉంది. దాని కింద మళ్ళీ ‘అడగవలెను’. మొదటిది పెన్సిలుతో. రెండోది ఆకుపచ్చ సిరాతో. గోవాడ వాళ్ళు వచ్చిన ఏడు నాన్న హెడ్మేష్టరు అయ్యాడు, ఆ కలం అప్పటిదే. మూడోది నీలం, గీతలు సన్నగా, అమ్మ పోయాక వాడిన కలం. నాలుగోది ఎడం చేతి రాత. వంకరటింకరగా, గడి దాటి పక్క పేజీ మీదకి పోయింది.

పెళ్ళి చెయ్యని తండ్రి ఇంకా మంచివాడన్న ఆ వాక్యానికి ముందు ఒక షరతు ఉంది. ఆ తండ్రి మనసు స్థిరంగా ఉండాలని. నాన్న మనసు ఒక్క రోజు కూడా స్థిరంగా లేదు. ఊరందరి కూతుళ్ళనీ అడిగిన మనిషి, సొంత కూతుర్ని అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని బతుకంతా భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. ఒకే కప్పు కింద, ఒకే పళ్ళెంలో పచ్చడి నంజుకుంటూ, ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే మాట దాచుకుని ముప్పై ఏళ్ళు బతికాం.

గ్రేసీకి పప్పు సంగతంతా చెప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నోటితో చెప్పడం. ఆ పిల్ల ముందు పడీపడీ నవ్వింది. “రాసెయ్ పెద్దమ్మా, పప్పు మాడతంటే లెగిసింది అని” అంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. నా దగ్గరికి జరిగి, “తాతయ్య అడిగుంటే ఏం సెప్పేదానివి?” అని అడిగింది. అరవయ్యారేళ్ళ బతుకులో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి అది. నేను అలవాటు ప్రకారం, “బస్సు టైమవుతోంది, బయల్దేరు” అన్నాను. దాన్ని కాంప్లెక్సు దాకా దిగబెట్టి, కిటికీ పక్క సీటు దొరికాక వచ్చేశాను.

ఇంట్లో రెండు కంచాలు కడిగి బోర్లించాను. మామూలుగా ఒకటే. చేతులు తుడుచుకుని పుస్తకం తెరిచి, నా పేరు దగ్గర, దేనికి లేచెను అన్న గడిలో, నాన్న తెలుగులోనే రాశాను. ‘పప్పు మాడుచున్నందున లేచెను.’ గడిలో చోటు సరిపోయింది. ఎడం చేత్తో రాసిన ఆ నాలుగో ‘అడగవలెను’ గడి దాటి పక్క పేజీలో ఆగిన చోట, దాని పక్కనే ఇంకొక్క మాట రాశాను. రాసి, గురువారాల్లో అన్నట్టు గట్టిగా, వెనక బల్ల వాళ్ళకి కూడా వినపడేలా పైకి అన్నాను. వెళ్తాను. సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూసి సంచిలో పెట్టాను. రేపు పాస్టరు గారు చదవబోయేది ఆ పేజీయే.